పన్నెండో ల్యాప్‌టాప్

పైడినాయుడు ఉస్తాద్ కొట్టుకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. భుజాన రెండు ల్యాప్‌టాప్ సంచులు, చొక్కా జేబులో ఒక కవరు. లోపలికి వస్తూనే వీధిని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఓసారి చూసి, షట్టరు సగానికి దించేశాడు.

"గాలాడదు నాయుడూ," అన్నాడు ఖలీల్ సాహెబ్.

"ఎవరైనా వింటారు ఉస్తాద్."

ఖలీల్ సాహెబ్ ఒకప్పుడు ఓడల్లో వైర్‌లెస్ ఆఫీసరు. ఉద్యోగం మానేశాక విశాఖ వన్‌టౌన్‌లో రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. నాయుడు ఆరేళ్ళు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఓడలకు బియ్యం, కూరలు, తాళ్ళు, రంగుడబ్బాలు సరఫరా చేసే ఓ చిన్న కంపెనీలో ఉంటున్నాడు. అక్కడి పదకొండు ల్యాప్‌టాప్‌లకూ మంచీ చెడ్డా చూసేది అతనే.

ఆ కంపెనీకి రెండు నెలల్లో మూడు ఓడలు చెయ్యిజారాయి. మూడూ ఎదురు వీధిలో ఉన్న కంపెనీకే పోయాయి. ప్రతిసారీ వాళ్ళు వీళ్ళకంటే కాస్త తక్కువ రేటు చెప్పారు. రేట్లుండే ఫైలు చూడగలిగేది యజమాని జోగారావుగారూ, నాయుడూ మాత్రమే. అయితే మరి బయటికెలా పోయినట్టు?

నాయుడి చూపు దమయంతి మీద పడింది. ఆవిడ నాలుగు నెలల కిందట ఆ ఎదురు కంపెనీ నుంచే వచ్చి చేరింది. ఇంకేం కావాలి? అనుమానానికి ఆకలెక్కువ, ఏది పెట్టినా తింటుంది. దమయంతి పెందరాళే వస్తే, ఎవరూ లేనప్పుడు ఏం చేస్తున్నట్టు? ఆలస్యంగా వస్తే, దారిలో ఎవరిని కలిసొచ్చినట్టు? "రేట్లు బయటికి పోతున్నాయి" అని మీటింగులో అంటే ఆవిడ తల వంచుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది అనుకున్నాడు నాయుడు. మీటింగులో ఆరోజు తల వంచుకోనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నది మాత్రం అతను చూడలేదు.

"ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నారో చెప్పే కాపలా సాఫ్ట్‌వేర్ ఒకటుంది ఉస్తాద్. ఒక్క ల్యాప్‌టాప్‌కయితే ఉచితం. ఆవిడ దాంట్లో పెట్టేను. ఇదిగో చూడండి."

ఫోను ముందుకు చాపాడు. పద్నాలుగు రోజుల చిట్టా. ఏడో నంబరు ల్యాప్‌టాప్, వాడేవారు దమయంతి. రోజూ పొద్దున్న ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచిన కాసేపటికి రేట్ల ఫైలు అందులోకి దిగుతోంది.

"ఆవిణ్ణి అడిగావా?"

"అడిగితే ఒప్పుకుంటాదా ఏటి? ఇందాకే అందరి ముందూ ల్యాప్‌టాప్ ఇమ్మన్నాను. ఎందుకని కూడా అడగలేదు ఉస్తాద్. పైటచెంగుతో మూత మీద దుమ్ము తుడిచి ఇచ్చేసింది. తప్పు చెయ్యనివాళ్ళు అలా ఇచ్చేస్తారా?"

ఖలీల్ సాహెబ్ చూపు నాయుడి జేబులోని కవరు మీద ఉంది.

"ఉద్యోగంలోంచి తీసేసే కాగితం. జోగారావుగారు సంతకం పెట్టేసారు. నాలుగ్గంటలకి ఇవ్వాలి. కానీ ఆయనకి మీ మాటంటే గురి. ఒక్కసారి చూసి, నిజమే అని మీరంటే చాలు."

ఓడల వ్యాపారం చేసేవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే. రేట్లు అమ్ముకుందన్న పేరొక్కటి వస్తే చాలు, హార్బరు చుట్టుపక్కల దమయంతికి ఇంకెవరూ కుర్చీ చూపించరు. ఆ సంగతి నాయుడికీ తెలుసు.

"ఆ రెండో సంచిలో ఏముంది?"

"కొత్త ల్యాప్‌టాప్. పన్నెండోది. ఆవిడ స్థానంలో వచ్చేవాళ్ళకని ముందే తయారుచేసి ఉంచేను."

ఖలీల్ సాహెబ్ దాన్ని బయటికి తీయమన్నాడు. మూత మీద అప్పుడే కుంకుమ బొట్టు కూడా ఉంది. నాయుడు ఏ మిషనుకైనా బొట్టు పెట్టనిదే పని మొదలుపెట్టడు.

"దీన్ని ఎలా తయారుచేశావు?"

ఈ ప్రశ్నకు నాయుడి మొహం వెలిగింది. "అన్నిటినీ చేసినట్టే ఉస్తాద్. ముందు ఒకదాన్ని నా పేరు మీద శుభ్రంగా తయారుచేసుకున్నాను. దాన్నే ఉన్నదున్నట్టుగా మిగతావాటిలోకి కాపీ కొట్టేను. పైన పేర్లు మార్చేనంతే. పదకొండూ ఒక్క పూటలో అయిపోయాయి."

"ఒక్క పూటలో," అన్నాడు ఖలీల్ సాహెబ్. "సరే. నీ కాపలా దమయంతి దాంట్లోంచి తీసి దీంట్లో పెట్టు."

"దీన్ని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"పెట్టు."

నాయుడు పెట్టాడు. వాడేవారి పేరు చెప్పమని సాఫ్ట్‌వేర్ అడిగింది.

"నా పేరు కొట్టు. కొట్టులో వైఫై ఉంది, అది కూడా కలుపు. తర్వాత దాన్ని ఆ బల్ల మీదే వదిలెయ్. టీ తాగుదాం."

ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లోకి టీ వంచాడు. తన గ్లాసును రెండు చేతులతోనూ పట్టుకుని, బల్లకు దూరంగా స్టూలు మీద కూచున్నాడు. నాయుడు మాత్రం కుదురుగా కూచోలేదు. షట్టరు కింద నుంచి ఎవరివో కాళ్ళు కనిపిస్తే, అవి వెళ్ళిపోయేదాకా చూస్తూ ఉండిపోయాడు.

టీ సగమైందో లేదో, జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు.

పన్నెండో నంబరు ల్యాప్‌టాప్. వాడేవారు ఖలీల్. రేట్ల ఫైలు ఇందులోకి దిగింది.

నాయుడు తలెత్తి ఉస్తాద్ చేతుల వంక చూశాడు. ఒక్క క్షణమే. ఆ చేతులు గ్లాసు చుట్టూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కానీ అతను చూడటం ఆయన చూశాడు. తనకు పని నేర్పిన చేతులవి.

నాయుడు లేచి వెళ్ళి ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. తెర కింది మూలన చిన్న మబ్బు బొమ్మ ఒకటి ఉంటుంది. కంపెనీ ఫైళ్ళు దిగేది దాని గుండానే. అది ఎవరి పేరు మీద నడుస్తోందో ఎవరూ పట్టించుకోరు. నాయుడు దాన్ని నొక్కాడు.

పైడినాయుడు అని ఉంది.

అతను చూస్తుండగానే ఫైళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే దిగుతున్నాయి. తను చూడగలిగినవన్నీ దిగుతున్నాయి. ఈ పన్నెండో దాంట్లోనే కాదు, కాపీ కొట్టిన ప్రతిదాంట్లోనూ ఇంతే. పొద్దున్నే ఎవరు మూత తెరిచినా ఇంతే. కాపలా ఒక్క దమయంతికి పెట్టాడు కాబట్టి ఒక్క దమయంతే కనిపించింది. రేట్లు ఎవరి దగ్గర్నుంచి బయటికి పోయాయో ఆ చిట్టా చెప్పనే చెప్పదు.

కుర్చీ లాక్కుని కూచున్నాడు. టీ చల్లారిపోయింది.

"నాయుడూ," అన్నాడు ఖలీల్ సాహెబ్. "నా కాగితం కూడా తెచ్చావా?"

నాయుడు జేబులోని కవరు మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత గోడ గడియారం చూశాడు. మూడుంబావు. ఏడో నంబరును సంచిలో సర్దుకుని, వెళ్ళి షట్టరు పూర్తిగా పైకెత్తాడు. వెలుతురు కొట్టంతా పరుచుకుంది.

గుమ్మంలో ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఆవిణ్ణి పక్కకి పిలిచి తప్పు నాదని చెప్పనా ఉస్తాద్?"

"ఆవిడ దగ్గర ల్యాప్‌టాప్ ఎక్కడ తీసుకున్నావు?"

నాయుడు వెనక్కి తిరిగాడు.

"అందరి ముందూ," అన్నాడు.

ఖలీల్ సాహెబ్ తలాడించి, గ్లాసులు కడగడానికి లేచాడు.