మువ్వ కట్టిన బాతు

ఏకాంబరం గారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. మూలనున్న చేతికర్ర అందుకుని, అడిగినవాళ్లను వెంటబెట్టుకుని సరస్సు ఒడ్డుకు నడిచేవారు. తిరిగొచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది. కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు.

మాఘమాసం చివర్లో ఒకనాడు పొద్దు పొడవకముందే సుభాషిణి ఆయన కుటీరానికి వచ్చింది. ఆమె సూళ్లూరుపేటలో బట్టలు కుడుతుంది. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురు కౌముదిని విశాఖపట్నంలో హాస్టల్లో ఉంచి చదివిస్తోంది. పిల్ల తిన్నదో లేదో, ఎవరితో తిరుగుతోందోనని ఆమెకు మిషన్ మీద కాలు నిలవదు. నిద్ర లేవగానే ఫోను, క్లాసుకీ క్లాసుకీ మధ్య ఫోను, అన్నాల వేళ ఫోను. కౌముది ఎత్తకపోతే పక్క మంచం పిల్లకు, ఆ పిల్లా ఎత్తకపోతే వార్డెనుకు.

"మొదట్లో ఫోన్ చేస్తే వెనకాల ఆడపిల్లల నవ్వులు వినబడేవండీ," అంది. "ఇప్పుడు చప్పుడే ఉండదు. పక్కన ఎవరున్నారే అంటే, ఎవరూ లేరమ్మా అంటుంది. నా దగ్గరేదో దాస్తోంది. నేనింకా ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పండి."

ఏకాంబరం గారు కర్ర అందుకున్నారు. "ఫోన్ కూడా వస్తుందా మనతో?" అన్నారు. సుభాషిణి సిగ్గుపడింది గానీ, దాన్ని వదిలి రాలేదు.

కోసేసిన వరి మళ్లలో అడవి బాతులు మేస్తున్నాయి. తెల్లని తలల మీద నల్లటి చారలున్న పెద్ద బాతులు. కార్తీకంలో మంచుకొండల అవతలినుంచి వచ్చి, ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయి. వాటిని చూడగానే ఆమె ముఖం వికసించింది. ఈ చలికాలం మొదట్లో చేపల వలలో చిక్కుకున్న ఒక పిల్లబాతును కుటీరంలో పెట్టి సాకింది తనే. రెక్క బాగుపడ్డాక, ఏకాంబరం గారు ఊళ్లో లేని రోజున వదిలిపెట్టింది. వదిలే ముందు, కౌముది నడక నేర్చేటప్పుడు కాలికి కట్టిన వెండి మువ్వను తెచ్చి దాని కాలికి తీగతో బిగించింది. పసిబిడ్డ ఏ మూల ఉన్నా తల్లికి తెలియాలనే కదా మువ్వ కట్టేది. దాని సంగతి ఫోన్లో కూతురికి ఎన్నిసార్లు చెప్పుకుందో.

"మనది ఇందులోనే ఉంటుంది కదండీ?" అంది.

ఆయన కర్రతో దూరంగా చూపించారు. గుంపుకు ఎడంగా, గట్టు పక్కన ఒక్క బాతు ఉంది. అది గుంపువైపు నాలుగడుగులు వేసింది. మువ్వ సన్నగా మోగింది. మేస్తున్న తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. గుంపంతా పక్క మడిలోకి జరిగింది. బాతు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ కదిలింది. మళ్లీ మోగింది. అవి మళ్లీ జరిగాయి.

ఎప్పటినుంచి ఇలా అని సుభాషిణి అడిగింది. వదిలిన మర్నాటినుంచేనని, ఆ తీగ విప్పుదామని చలికాలమంతా తిరిగానని, మనిషి అలికిడైతే చాలు అది నీళ్లలోకి పోతోందని ఆయన చెప్పారు.

ఇంతలో గుంపులో అరుపులు హెచ్చాయి. బాతులు వరసలు వరసలుగా లేచి, ఉత్తరం వైపు తిరిగి బారు కట్టాయి. ఇది వెళ్లిపోయే రోజని ఆమెకు అర్థమైంది. చివర్న మువ్వ బాతు కూడా లేచింది. రెక్కలు టపటపా కొట్టుకుంటూ బారును అందుకుంది. అది దగ్గరైన చోటల్లా బారు తెగింది, పక్కకు వాలింది, మళ్లీ ముందు కలిసింది. కొంతదూరం అలా వెంటాడి, ఆ పిల్ల తిరిగి వచ్చి ఖాళీ మళ్లలో దిగింది.

సుభాషిణి చీర కుచ్చిళ్లు ఎత్తి బురదలోకి దిగింది. రావే, విప్పేస్తానే, రావే అని బతిమాలుతూ మోకాలిలోతు దాకా వెళ్లింది. అది మువ్వ మోగించుకుంటూ దూరం జరిగింది.

గట్టెక్కి కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పొద్దెక్కింది. హాస్టల్లో పిల్లలు టిఫిన్లకు కూర్చునే వేళ. అలవాటుగా ఆమె బొటనవేలు ఫోను మీదికి వెళ్లి, అక్కడే నిలిచిపోయింది.

"నేను వినాలనే కట్టానండీ," అంది.

ఏకాంబరం గారు ఖాళీ అయిన ఆకాశం కేసి చూస్తున్నారు.

"నీ ఒక్కదానికే వినబడుతుందనుకున్నావు తల్లీ," అన్నారు.