రత్నరేవు గెంటుడు బండి

రత్నరేవు మహా ప్రాచీన నగరం. ఎంత ప్రాచీనమంటే, అక్కడి నియమాలు ఎందుకు పెట్టారో గుర్తున్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

చాపలల్లే నూకాలు పొద్దున్నే ఆ ఊరి కోట వాకిలి చేరింది. రేవేమో ఊరికి అవతలి కొసన ఉంది. మధ్యాహ్నం అక్కడ ఆమె తమ్ముడు ఓడెక్కుతున్నాడు. మళ్లీ మూడేళ్లకుగానీ రాడు.

వాకిలి అధికారి రణధీరయ్య మీసం దువ్వాడు. "నిన్ను ఇదివరకు ఊళ్లో చూసినవాళ్లు సాక్ష్యం చెబితేనే లోపలికి పంపుతాం."

"లోపలికి రానివ్వకపోతే ఎలా చూస్తారయ్యగారూ?"

"అది నీ తిప్పలు!"

"పోనీ, చెప్పకుండా దూరితే?"

"బండెక్కించి అవతల రేవు వాకిట్లోంచి గెంటేస్తాం. మళ్లీ ఇటు రావాలంటే చుట్టూ తిరిగి రెండు రోజులు నడవాలి!" అని ఆయన తన తెలివికి తనే మురిసిపోయాడు.

నూకాలు ఆయన్ని తనివితీరా మురవనిచ్చింది. తర్వాత గడప దాటి, ఒక్క అడుగు లోపల వేసి నిలబడింది.

నియమం నియమమే కదా! బండి వచ్చింది. దారిలో దీపస్తంభం, ముత్యాల అంగళ్లు కనబడ్డాయి. "కాస్త మెల్లగా తోలు నాయనా, చూడనీ," అంది నూకాలు. బండి తోలే భటుడు మొహమాటస్తుడు. ఏది ఏమిటో చెబుతూ మరీ తోలాడు.

రేవు వాకిట్లో గెంటేసేసరికి తమ్ముడింకా ఒడ్డునే ఉన్నాడు. నూకాలు అటు పరిగెత్తబోతూ ఆగింది.

"నాయనా, రేవు వైపు నుంచి దూరినవాళ్లని ఎక్కడ గెంటేస్తారు?"

"కోట వాకిట్లో."

"అయితే బండి ఇక్కడే ఉంచు. సాయంత్రం దూరతాను. మా ఊరు అటే!"