వీరభద్రప్ప నాటిన ఒంటి ముల్లు

తునికిగుట్ట అడవిలో ఏదుపందులు, ఒళ్లంతా పొలుసులుండే అలుగులు, కుందేళ్లు, ఉడుములు, నక్కలు ఉండేవి. అక్కడ నేల రాయిలాంటిది. బొరియ తవ్వడమంటే మాటలు కాదు, గోళ్లు అరిగిపోతాయి. అందుకే సొంత బొరియ ఉన్నవాళ్లకు ఆ అడవిలో గౌరవం ఎక్కువ.

అన్నిటికంటే పెద్ద బొరియ ఏదుపంది వీరభద్రప్పది. ఐదు గదులు. "నా బొరియ, నా బొరియ" అనేవాడు. నిజానికి అతనూ భార్య నాంచారమ్మా కలిసి మూడు ఎండాకాలాలు తవ్వారు. లోపలి రెండు గదులైతే, అతని కాలు బెణికినప్పుడు ఆమె ఒక్కతే తవ్వింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. నేను చెబుతున్నాను.

ఇద్దరూ ముసలివాళ్లయ్యారు. దుంపలు దొరికే వాగు దూరం. కాళ్లలో సత్తువ లేదు. ఇల్లు పెద్దదే కానీ కడుపు ఖాళీ. ఇంటిని కొరుక్కుని తినలేరు కదా!

అప్పుడు ఒక నక్క వచ్చింది. దానికో పేరుంది కానీ నేను చెప్పను. అలాంటిదానికి పేరెందుకు? నక్కలకు తవ్వే ఓపిక ఉండదు. పిల్లల్ని పెట్టుకోవడానికి చోటు మాత్రం కావాలి.

"మామా! నువ్వు ఇల్లు వదలక్కర్లేదు. నువ్వు బతికున్నన్నాళ్లూ ఇందులోనే ఉండు. రోజూ నాలుగు దుంపలు తెచ్చి గుమ్మంలో పెడతాను. నువ్వు పోయాక బొరియ నాది" అంది నక్క.

వీరభద్రప్ప ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "నన్ను నువ్వు పోషిస్తావా?"

"పోషించడమేమిటి మామా? నీ ఇంటి విలువే నీకు తెచ్చిస్తున్నాను. నువ్వు ఎవరినీ చెయ్యి చాచి అడగక్కర్లేదు."

ఆ మాట అతనికి బాగా నచ్చింది.

పక్క బొరియలో అలుగు ఎర్రప్ప, భార్య సుంకులమ్మ ఉండేవారు. వాళ్లూ ముసలివాళ్లే. నక్క వాళ్లనూ అడిగింది. అలుగులు తినేది చెదపురుగులనే కాబట్టి, రోజూ మూడు చెదపట్టిన కట్టెలు తెస్తానంది. ఎర్రప్ప వెంటనే సరే అనలేదు. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని నక్కను అడిగాడు.

"నేను ముందు పోతే ఈమె సంగతేమిటి?"

నక్క ముఖం ముడుచుకుంది. "ఇద్దరూ పోయేదాకా ఆగమంటావా? అలాగైతే రెండు కట్టెలే తెస్తాను."

"ఒకటి తగ్గితే ఏం? నాకు ఆకలి తక్కువే" అంది సుంకులమ్మ.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. బొరియ గురించి మాట ఇస్తే చట్టుబండ అనే పెద్ద రాయి దగ్గర ఉడుము పెద్ద ఎదుట ఇవ్వాలి. ఏదుపందులు ముల్లు నాటాలి. అలుగులు పొలుసు పెట్టాలి. ఎవరి గుర్తు అక్కడ ఉంటే, వాళ్లు బతికున్నన్నాళ్లూ బొరియ వాళ్లదే. ఎర్రప్ప, సుంకులమ్మ రెండు పొలుసులు పెట్టారు.

తిరిగి వస్తూ ఎర్రప్ప వీరభద్రప్ప గుమ్మం ముందు ఆగాడు. "అన్నా, నాంచారమ్మ ముల్లు కూడా నాటించు" అన్నాడు.

వీరభద్రప్ప వెనక్కి తిరిగి కూర్చున్నాడు. పదేళ్ల కిందట ఎర్రప్ప నలుగురి ముందు "నీ గుమ్మం పల్లంలో ఉంది, వాననీళ్లు లోపలికొస్తాయి" అన్నాడు. వచ్చాయి కూడా. ఆ రోజు నుంచి వీరభద్రప్ప అతనితో మాట్లాడలేదు.

మర్నాడు చట్టుబండ దగ్గరకు బయలుదేరుతుంటే నాంచారమ్మ వెంట వచ్చింది.

"ఏమయ్యా, నా ముల్లు కూడా ఒకటి నాటుదాం."

"నా ముల్లు నిలబడ్డాక నీదెందుకే? నా మాట చాలదని అందరూ నవ్వుకోవాలా?"

"నవ్వితే నవ్వనీ. నీ తర్వాత నేను ఎక్కడుండాలి?"

"నేనున్నానుగా! పైగా రోజుకో దుంప పోతుంది. ఆ ఎర్రప్పలాగా నేను బేరాలాడను."

ఆమె ఇంటికి తిరిగి వెళ్లిపోయింది. అతను ఒక్క ముల్లు నాటి, తల ఎత్తుకుని వచ్చాడు.

నక్క మాట తప్పలేదు. ఎండైనా వానైనా నాలుగు దుంపలు తెచ్చింది. వీరభద్రప్ప మెత్తటి దుంపలు ఏరి నాంచారమ్మ ముందుకు తోసేవాడు. గట్టివి తను నమిలేవాడు. "చూశావా, మహారాణిలా తింటున్నావు" అనేవాడు. ఆమె నవ్వేది.

రెండేళ్లు గడిచాయి. చలికాలంలో అతనికి దగ్గు పట్టుకుంది. ఒకనాడు లేవలేకపోయాడు. భార్య వైపు చాలాసేపు చూశాడు. అప్పుడు అతనికి భయం వేసింది.

"ఏమే, నీ ముల్లు కూడా నాటించి ఉండాల్సింది."

"ఇప్పుడైనా అడుగుదాం. ఎర్రప్పన్నను పిలుస్తాను. నక్కతో ఆయనే మాట్లాడతాడు. దుంపలు తగ్గిస్తే తగ్గించనీ."

ఎర్రప్ప పేరు వినగానే అతని ముఖం మారింది. అతన్ని పిలిస్తే అతని మాటే సరైనదని ఒప్పుకున్నట్టే.

"వాడొద్దు. నేనే వెళ్తాను. కాస్త ఎండ రానీ, రేపు వెళ్తాను" అన్నాడు.

తెల్లవారి ఎండ వచ్చింది. అతను లేవలేదు.

మూడోనాడు నక్క తన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. దుంపలు తేలేదు.

"అత్తా, ఇక ఖాళీ చెయ్యి."

"ఇది నేను తవ్విన ఇల్లు" అంది నాంచారమ్మ.

"తవ్వావేమో! ముల్లు మాత్రం నాటలేదు."

ఆమె ఉడుము పెద్ద దగ్గరకు వెళ్లింది. ఉడుము చట్టుబండ చుట్టూ తిరిగి చూశాడు. ఆమె కళ్లలోకి చూడలేక నేల చూశాడు.

"నీ కష్టం నాకు తెలుసమ్మా. కానీ ఇక్కడ ఉన్నది ఒక్క ముల్లే. ఇచ్చిన మాటను నేను మార్చలేను."

నాంచారమ్మ బయటికి నడిచింది. నక్కపిల్లలు ఆమె తవ్విన గదుల్లోకి అరుచుకుంటూ పరుగెత్తాయి.

ఎర్రప్ప కూడా ఆ చలికి అదే వారంలో పోయాడు. కానీ సుంకులమ్మ గుమ్మంలోకి ఏ నక్కా రాలేదు. రోజూ రెండు కట్టెలు వస్తూనే ఉన్నాయి. ఆమె తన ఇంట్లో తను నిశ్చింతగా ఉంది.

దారిలో నాంచారమ్మను చూసి సుంకులమ్మ ఎదురొచ్చింది. "రా వదినా. నాకు రెండు గదులు ఎక్కువే" అంది.

నాంచారమ్మ లోపలికి వెళ్లి ఒక మూల ఒదిగి కూర్చుంది. పక్కవాళ్లకు గుచ్చుకోకుండా ముళ్లన్నీ ఒంటికి అదిమి పెట్టుకుంది. తన ఇంట్లో ఆమె ఎప్పుడూ అలా కూర్చోలేదు.

"అన్నయ్య మీద కోపంగా ఉందా వదినా?" అని సుంకులమ్మ మెల్లగా అడిగింది.

నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది.

"కోపమెందుకు? రెండేళ్లూ మెత్తటి దుంప నాకే పెట్టాడు. అన్నీ చేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు, అంతే."

నీతి: ఇద్దరూ కట్టుకున్న ఇంటికి ఒక్కరే మాట ఇవ్వకూడదు. తాము పోయాక వెనక మిగిలేవాళ్లు ఎక్కడుంటారో తేల్చుకోకుండా ఉన్న గూడును ఎవరికీ ఒప్పగించకూడదు.