సవలమ్మ గూటికి రెండో కాపలా

ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌కు వైరస్‌లను పట్టే కాపలా ప్రోగ్రాం ఒకటి చాలదని, పక్కింటివాడు చెప్పాడని రెండోది, ఊరికే వస్తోందని మూడోది ఎక్కించేవాళ్లు ఉన్నారు. కాపలా పెరిగితే దొంగకు కష్టమని వాళ్ల లెక్క. సరిగ్గా ఆ లెక్కే సవలమ్మ కూడా వేసింది. ఏమైందో వినండి.

సవలమ్మ మెడ నల్లగా ఉండే కోడిపెట్ట. జొన్నచేను గట్టున పశువుల పాక, పాక వెనక గడ్డివాము, వాము నీడలో దాని గూడు. కిందటిసారి పెట్టిన గుడ్లన్నీ పాము మింగేసింది. ఈసారి పొదుగుతున్న గుడ్లలోంచి ఒక్క పిల్లయినా బయటికొచ్చి కళ్లు తెరవాలని దాని పట్టుదల.

గూటికి కాపలా గంగులు అనే ముంగిస. పామును పట్టేవాడు గానీ చంపేవాడు కాదు. పాములన్నీ చస్తే ఎలుకలు చేను మేస్తాయని పాకకు పెద్దయిన మైలయ్య ఎద్దు పెట్టిన కట్టుబాటు అది. పట్టిన పామును గంగులు పాత కుండలో వేసి, పెంకు మూత పెట్టి, దాని మీద రాయి దొర్లించేవాడు. వారానికోసారి మైలయ్య ఆ కుండను తాడుతో మెడకు తగిలించుకుని గుట్ట అవతల వదిలేసి వచ్చేవాడు. గంగులు కాపలాకు వచ్చాక ఒక్క గుడ్డూ పోలేదు.

ఒక ఉదయం జంబయ్య అనే నక్క కంచె అవతల నిలబడి క్షేమసమాచారాలు అడిగాడు. ఒక్కసారి కూడా గూటివైపు చూడలేదు. అదే వాడి నేర్పు. గంగులు మంచివాడే అన్నాడు, ఆ తర్వాత నిట్టూర్చాడు.

"కానీ చెల్లెమ్మా, ముంగిస కూడా కునుకు తీస్తుంది కదా. పాము ఆ కాసేపట్లో వస్తే?"

సవలమ్మ రెక్కలు బిగుసుకున్నాయి. గుట్ట మీద ఓబులేసు అని ఒక ముంగిస ఉన్నాడని, గంగుల్ని మించినవాడని, తాను చెబితే కాదనడని జంబయ్య చెప్పుకొచ్చాడు. భయం పుట్టించినవాడే మందు కూడా చేతిలో పెడుతుంటే అక్కడ ఆగి ఆలోచించాలి. సవలమ్మ ఆగలేదు.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మైలయ్య హెచ్చరించాడు.

"నీకేం మామా, పోయేవి నీ గుడ్లా?" అంది సవలమ్మ.

ఎద్దు నెమరు వేసుకుంటూ కూర్చున్నాడు.

ఓబులేసు ఒక మూట పట్టుకుని దిగాడు. మూటనిండా కుబుసాలు. ప్రతి జాతి పాము విడిచిన చర్మం ఒక్కో ముక్క. రోజూ పొద్దున్నే వాటిని వాసన చూస్తే ఏ పామునైనా దూరం నుంచే పోల్చగలడు. పనిమంతుడే, అందులో అనుమానం లేదు. తంటా పనిమంతులు ఇద్దరవడంతోనే వచ్చింది.

మేతకు వెళ్లే కోళ్లను గంగులు గుమ్మంలో వాసన చూసి పంపేవాడు. నాలుగడుగులు పోగానే ఓబులేసు ఆపి మళ్లీ చూసేవాడు. వాటికి ఓబులేసు వాసన అంటిందని గంగులు వెనక్కి పిలిచేవాడు. అన్నీ బయటపడేసరికి ఎండ నెత్తికెక్కి పురుగులు మట్టిలోకి దూరిపోయేవి. కోళ్లు కాళ్లీడ్చుకుంటూ ఖాళీ కడుపుతో తిరిగొచ్చేవి.

అంతటితో పోలేదు. గంగులు ఒకనాడు ఓబులేసు మూట వాసన చూసి వెనక్కి గెంతాడు. కాపలావాడి ఇంట్లో పాము చర్మాలు ఉండటమేమిటని, వీడికి పాములతో చుట్టరికం ఉందని సవలమ్మ చెవిలో ఊదాడు. అదే పూట ఓబులేసు వచ్చి, గంగులు కుండలో పామును పెట్టి పెంచుతున్నాడని చెప్పాడు. కుండ కట్టుబాటు తెలిసి కూడా, భయంలో సవలమ్మకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఎవర్ని పంపాలో తేలక గుడ్ల మీద ముడుచుకుంది.

మర్నాడు పొద్దున గంగులు ఒక తాచును పట్టి కుండలో వేశాడు. రాయి దొర్లించి, ఆ కుబుసాల మూటను వాగులో పారేసి వద్దామని బయల్దేరాడు. అటు వాడు పోగానే, దాచిన పాము సంగతి తేల్చేద్దామని ఇటు ఓబులేసు కుండ దగ్గరికొచ్చి రాయి తోసేశాడు.

మూత జారింది. తాచు బయటికొచ్చింది. ఓబులేసు దాని మీదికి దూకబోతుండగా, మూట వాగులో పడేసి గంగులు తిరిగొచ్చాడు. తెరిచిన కుండ చూశాడు, పక్కన ఓబులేసును చూశాడు. ఇంకేం కావాలి? వాడి మెడ పట్టుకున్నాడు. ఇద్దరు కాపలావాళ్లూ దుమ్ములో పొర్లుతుంటే తాచు తీరిగ్గా గూట్లోకి వెళ్లింది.

సవలమ్మ దాని కళ్ల మీద పొడిచింది, పాకంతా అదిరేలా అరిచింది. మైలయ్య పలుపు తెంచుకుని వచ్చి గుమ్మంలో గిట్ట మోపాడు. తాచు గూటి వెనక సందులోంచి చేలోకి జారుకుంది. అప్పటికే రెండు గుడ్లు దాని కడుపులో ఉన్నాయి.

ఆ గందరగోళంలో జంబయ్య కంచె దాటి సగం దూరం వచ్చేశాడు. పలుపు తెంచుకున్న ఎద్దును చూసి మొహం మార్చాడు.

"అయ్యయ్యో చెల్లెమ్మా, ఇద్దరూ చాలలేదన్నమాట. మూడోవాణ్ణి చూడనా?"

కంచె బయట ఉండాల్సినవాడు లోపలికి ఎప్పుడొచ్చాడో అప్పుడు తట్టింది సవలమ్మకు, ఇదంతా వాడి ఎత్తేనని. పైకి మాత్రం, రేపు పొద్దున రమ్మని మర్యాదగా చెప్పి పంపింది.

ముంగిసలిద్దర్నీ పిలిపించింది. మైలయ్య తల ఊపాడు. "ఇద్దర్లో ఒకడు చెడ్డవాడైతే తరిమేసి ఊరుకునేవాళ్లం. ఇద్దరూ మంచివాళ్లే. అదే చిక్కు."

"ఓబులేసన్నా, వాగవతల బాతుల గూటికి కాపలా లేదు, అక్కడికి వెళ్లు," అంది సవలమ్మ. "కుబుసం ముక్క ఒక్కటి కూడా ఇక్కడ వదలొద్దు. వదిలితే గంగులన్న గూడు మానేసి దాని చుట్టూ తిరుగుతాడు."

ఓబులేసు రోషపడ్డాడు. "నేను వెళ్లాక పాము వస్తే?"

"ఇద్దరూ ఉండగానే వచ్చిందిగా."

ఓబులేసు వాగులోంచి మూట ఏరుకుని బాతుల దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ ఒక్కడే కాపలా, కాబట్టి మంచి పేరే తెచ్చుకున్నాడు.

మర్నాడు జంబయ్య ఒక్కడే వచ్చాడు. వాము వెనక ముంగిసల కొట్లాట వినబడుతోంది. నిజానికి గంగులు ఒక్కడే గడ్డిలో పొర్లుతూ రెండు గొంతులతో అరుస్తున్నాడు. జంబయ్య నోరూరింది. గుడ్లు బాగున్నాయా అని మెల్లగా అడిగాడు.

"గూట్లో ఉంచాలంటే భయమేసి ఆ కుండలో దాచాను అన్నయ్యా. పగిలాయేమో కాస్త చూసి చెప్పు."

అన్నయ్య కుండలో తల పెట్టాడు. లోపల పాము వాసన తప్ప ఏమీ లేదు. వెనక్కి లాగేలోగా గంగులు వచ్చి తోక కొరికాడు. తల మెడదాకా దూరి బిగుసుకుంది. కుండలోంచి ఏదో బొంగురుగా వినబడింది.

"మూడో కాపలా గురించేమో, విను మామా," అంది సవలమ్మ.

మైలయ్య విన్లేదు. ఎప్పటిలాగే కుండకు తాడు వేసుకుని, జంబయ్యను గుట్ట అవతలిదాకా ఈడ్చుకెళ్లి వదిలాడు. తిరిగొచ్చేసరికి గూట్లో పెంకులు చిట్లుతున్నాయి.

గూటికైనా కంప్యూటర్‌కైనా నమ్మకమైన కాపలా ఒక్కటి చాలు. కాపలావాళ్లు ఒకరినొకరు కాచుకునే చోట ఇంటిని కాచేవాడు ఉండడు.