కాకి ముట్టని ముద్ద

అనగనగనగా ఒక ఊరుందనుకోండి, పేరు మనకెందుకూ, ఆ ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దది పేరిందేవి, చిన్నది మాణిక్యం. వేరుపడి మధ్యలో గోడ కట్టుకున్నారు. అయినా పేరిందేవికి కుళ్ళు పోతేనా! చిన్నదాని బీరపాదు కాస్తే కుళ్ళు, చిన్నదాని గేదె ఈనితే కుళ్ళు. పోయిన మామగారు సోమన్నకి చిన్నకోడలంటేనే ఇష్టమని అన్నిటికన్నా పెద్ద కుళ్ళు. నవ్వకండి, మీ చిన్నమ్మమ్మ గాజులు చూసి నేనూ కుళ్ళుకున్నాను. ఊఁ అనండర్రా!

సరే, మామగారి తద్దినం వచ్చింది. వేరుపడ్డారు కదా, ఎవరింట్లో వాళ్ళే పెట్టుకోవాలి. గోడమీద విస్తరాకులో ముద్ద పెడితే పెద్దాయన కాకై వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఇంట్లో ఎవ్వరూ మెతుకు తినకూడదు. మామయ్య నా దగ్గరికే ముందు రావాలి, ఆ చిన్నది చూసి చావాలి అనుకుంది పేరిందేవి. ఇంక చూడండి హడావిడి! కడిగిందా, కడిగేసింది. తరిగిందా, తరిగేసింది. వండిందా, వండేసింది. మంత్రాలు చెప్పే పంతులుగార్ని కూడా కానివ్వండి కానివ్వండి అని తరిమింది. పొగలు కక్కే ముద్ద తెచ్చి పెట్టేసింది.

కాకి వచ్చింది. ముక్కు పెట్టింది. చురుక్కుమంది. ఎగిరిపోయింది! మరి కాలదూ?

అవతల చిన్నది అప్పటికింకా గారెలే వేస్తోంది, మామగారికి అల్లం ఎక్కువుండాలని తలుచుకుంటూ. ఎప్పటికో పెట్టింది, చల్లారిన ముద్ద. కాకి శుభ్రంగా తినిపోయింది. పేరిందేవికి ఒళ్ళు మండిపోయింది. చచ్చి కూడా దాని వైపేనా మామయ్యా అని తిట్టి, పాతది తీసేసి, మళ్ళీ వండి, మళ్ళీ పొగలు కక్కేదే తెచ్చింది. వెర్రిమొహం!

కాకి రాలేదు. ఇంట్లో పిల్లలు ఆకలికి నకనకలాడుతున్నారు. ఏం చేస్తుంది, గోడ పక్కన చతికిలబడింది. పొద్దుట్నుంచీ కూర్చోవడం అదే మొదలు. పొగ చూసి, ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. ఊదుతుంటే గుర్తొచ్చింది. కొత్తకోడలిగా వచ్చిన ఏడు తనకి జ్వరమొస్తే, ఆ సోమన్నే గడపలో కూర్చుని జావ ఇలాగే ఊది ఊది ఇచ్చాడు. నెమ్మదిగా తాగమ్మా, ఎవరూ ఎత్తుకుపోరులే అన్నాడు. అప్పటికి చిన్నది ఈ ఇంటికి రానేలేదు. ఇన్నేళ్ళూ గోడ అవతలే చూసింది గానీ, ఆయన్ని ఒక్కనాడూ తలుచుకోలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది పిచ్చిది.

ఈలోగా ముద్ద చల్లారింది, కాకి వచ్చి ముట్టింది. లోపలికి రమ్మని మొగుడు కేకేశాడు. మీరు తినేయండి, నేను కాసేపు మామయ్య దగ్గర కూర్చుంటాను అందిట.

అందరూ కడుపునిండా తిన్నారు. పెద్దలకి పెట్టేప్పుడు తొందరేంటర్రా, వాళ్ళకేమన్నా బస్సు పోతుందా? కథేమో కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.