ఎవరీ రూబేను?

రూబేనుకి ఒక్కటే బాధ. గురువుగారు తనని నలుగురి ముందు ఏనాడూ "వీడు నా శిష్యుడు" అనలేదు.

ఆయన అనకపోతేనేం, అందరికీ తెలిసిందేగా అని మనం అనుకుంటాం. అలా అనుకునేవాళ్ళు ఎవరి దగ్గరా శిష్యరికం చేసి ఉండరు లెండి.

గురువుగారంటే బందరు కోదండపాణిగారు. ఒకప్పుడు డిటెక్టివ్ పాణి పేరు చెబితే దొంగలు కూడా లేచి నిలబడేవారు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని కాళ్ళ నుంచి తల దాకా ఒక్కసారి చూసి, "ఏం నాయనా, మామగారితో తగువు ఇంకా తేలలేదా?" అని అడిగేవారు. అవతలివాడు అక్కడే కూలబడి అంతా చెప్పేసేవాడు. ముందు కాళ్ళు చూడు, తరవాత చేతులు చూడు, ముఖం ఆఖర్న చూడు, ముఖానికి అబద్ధమాడటం బాగా అలవాటు అని రూబేనుకి నేర్పింది కూడా ఆయనే.

రూబేను గురువుగారి వీధి చివరే, చర్చి వెనక ఇంట్లో పుట్టాడు. మీసాలు రాని వయసులో ఆయన దగ్గర చేరి, ఆయనింట్లోనే తిని, ఆయన పెరట్లోనే స్నానం చేసి పెద్దవాడయ్యాడు. ఇప్పుడు బెజవాడలో సొంత ఆఫీసు. చాలావరకు పెళ్ళి సంబంధాల ఆరాలే. పెళ్ళికొడుకు తాగుతాడా, వాళ్ళు చెప్పిన ఉద్యోగం నిజమేనా, అదీ ఇదీ. బోర్డు మీద మాత్రం "కోదండపాణిగారి శిష్యుడు" అని పెద్దక్షరాలతో రాయించుకున్నాడు. ఆ మాట రాసింది పెయింటరు, ఆయన కాదు. అదీ బాధ.

అలా ఉండగా పాణిగారి మీద సినిమా తీశారు. ఆయన కుర్రతనం మీద కాదు, ముసలితనం మీద. పని మానేసి ఇంట్లో కూర్చున్న ముసలి డిటెక్టివు వాలుకుర్చీలోంచి లేవకుండా చివరి కేసు తేల్చడం, అదీ కథ. అందులో రూబేను పాత్ర కూడా ఉంది. కథ రాసే కుర్రాడు బెజవాడ వచ్చి అడిగాడు.

"మీ గురువుగారు మిమ్మల్ని ఎప్పుడైనా మెచ్చుకున్నారా సార్?"

రూబేను కాసేపు నసిగాడు. "సినిమా కదమ్మా, మీకెలా బాగుంటే అలా రాసుకోండి," అన్నాడు.

సినిమా వచ్చాక బందరులో పాణిగారి కోసం మధ్యాహ్నం పూట ప్రత్యేకంగా ఓ ఆట వేశారు. మధ్యలో ఆయన, ఒక పక్క ఆయన భార్య సుభద్రమ్మగారు, ఇంకో పక్క రూబేను.

సుభద్రమ్మగారి గురించి ఓ మాట చెప్పాలి. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ గుమ్మంలోనే పట్టుకుని, లోపలికి వినపడేలా పలకరిస్తుంది. "ఎవరూ, మన గ్యాసు మస్తానా? రా నాయనా, చెల్లెలి పెళ్ళి కుదిరిందటగా!" అంటుంది. "రూబేను వచ్చాడండోయ్, బెజవాడ నుంచి!" అంటుంది. లోపల్నుంచి పాణిగారు, "ఏం మస్తానూ, పెళ్ళెప్పుడు?" అంటారు. ఆవిడది కలుపుగోలు మనసని ఊరంతా చెప్పుకుంటుంది. రూబేనూ అదే అనుకున్నాడు.

సినిమా మొదలైంది. తెర మీది ముసలాయన ఓ చెప్పుల జత చూసి హంతకుడి పేరు చెప్పేశాడు. హాలంతా ఈలలు.

"గట్టివాడే," అన్నారు పాణిగారు మెచ్చుకోలుగా. "ఎవరాయన?"

"మీరేనండీ," అంది సుభద్రమ్మగారు ఆయన చెవిలో. "మీ కథే ఇది."

"అలాగా," అని ఆయన మొహమాటపడిపోయి, కండువా సర్దుకుని కూర్చున్నారు.

రూబేను నవ్వుకున్నాడు. గురువుగారికి మొదట్నుంచీ వేళాకోళం ఎక్కువ మరి.

కాసేపటికి ఆ సీను వచ్చింది. తెర మీది పాణి పదిమంది పోలీసుల ముందు ఓ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, "వీడు రూబేను. నా శిష్యుడు. నాకు కనపడనివి వీడికి కనపడతాయి," అన్నాడు. చప్పట్లే చప్పట్లు. అబద్ధమని తెలిసి కూడా రూబేనూ చప్పట్లు కొట్టాడు. కళ్ళు తుడుచుకుని పక్కకి తిరిగాడు, గురువుగారి ముఖం చూద్దామని.

పాణిగారు భార్య వైపు వంగి అడుగుతున్నారు.

"ఎవరీ రూబేను?"

"మీ పక్కనే ఉన్నాడు కదండీ," అందావిడ. "మెల్లిగా, వింటాడు."

ఆవిడ ముందుకు వంగి రూబేను కేసి చూసింది. రూబేను అప్పటికే చూపు తెర మీదికి తిప్పేశాడు. ఏమీ విననట్టే ఉండిపోయాడు. కానీ ఆ చీకట్లో గుమ్మం దగ్గరి పలకరింపులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మస్తానూ, పాలామె, పోస్టుమ్యానూ, తనూ. వచ్చినవాళ్ళ కోసం కాదు ఆ కేకలు, లోపల కూర్చున్నాయన కోసం.

జాలి పడాలి కదా. అబ్బే, కోపం వచ్చింది. ఊళ్ళోవాళ్ళందరితో పాటు నన్నూ మరిచిపోయాడా? గ్యాసు మస్తానూ నేనూ ఒకటేనా? ఆ రాత్రి బెజవాడ వెళ్ళలేదు, వాళ్ళింటికీ వెళ్ళలేదు. లాడ్జిలో పడుకుని, ఆ వయసులో, పసివాడిలా ఏడ్చాడు.

తెల్లారాక వీధి మలుపులో టీ కొట్టు దగ్గర కాపు కాశాడు. గురువు నేర్పిన విద్య గురువింటి మీదే చూపించడం! సుభద్రమ్మగారు సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరేదాకా ఆగాడు. ఆవిడ అలా మలుపు తిరగ్గానే ఇలా సందులోంచి వెళ్ళి పెరటి తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. నూతి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. పలకరింపు లేదు, పేరు లేదు. ఇవాళ చూస్తాను, నేనెవరో ఆయనే చెప్పాలి అనుకున్నాడు.

పాణిగారు వెనక వసారాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. అలికిడికి తలెత్తారు.

చూశారు. ముందు కాళ్ళు, తరవాత చేతులు, ఆఖర్న ముఖం. ఆ చూపు అలాగే ఉంది. కానీ చూడటం అయిపోయాక ఆయన కళ్ళు గబగబా వంటింటి గుమ్మం వైపు వెళ్ళాయి. అక్కడ ఎవరూ లేరు. ఆయన ముఖంలో భయం కనిపించింది. జాతరలో తప్పిపోయిన పిల్లాడి భయం.

రూబేనుకి అప్పుడే సిగ్గేసింది. పేరు చెప్పేస్తే అయిపోయేది. కానీ పాడు రోషం, నోరు తెరవనివ్వలేదు.

పాణిగారు కాస్త జరిగి చాప మీద చోటిచ్చారు. చిక్కుడుకాయల్లో సగం అతని వైపు తోశారు.

"కూర్చో. ఈనెలు తియ్యి."

రూబేను కూర్చున్నాడు. "నేనెవర్నండీ?" అన్నాడు.

"తెలీదు నాయనా."

అంత సులువుగా అనేశారు. రూబేను తల దించుకున్నాడు.

"మరి కూర్చోమన్నారేం?"

"ఆ పెరటి గడియ పైకెత్తి లాగితే గానీ రాదు. మామూలుగా లాగి లాగి విసుక్కుని పోతారు అందరూ. నువ్వు చప్పుడు కాకుండా తీశావు. చేద ఏ మూల ఉందో వెతక్కుండా కాళ్ళు కడుక్కున్నావు. చొక్కా నిన్నటిది, రాత్రి నిద్ర లేదు, ఏడ్చావు కూడానూ." ఆయన ఓ కాయ ఈనె లాగి పక్కన పడేశారు. "నా మీద కోపంతో వచ్చావు. పరాయివాడికి నా మీద కోపమెందుకూ? నావాడివే. పేరే రావడం లేదు."

రూబేనుకి ఏడుపు ఆగలేదు. ఆయన చూడనట్టు తన పని తను చేసుకుంటున్నారు.

"క్షమించండి," అన్నాడు చివరికి. "అమ్మగారు గుమ్మంలో పేర్లు కేకెయ్యడం మీ కోసమేనని నిన్న సినిమా హాల్లో..."

పాణిగారు చప్పున చెయ్యెత్తి ఆపారు. వీధి గుమ్మం కేసి ఓసారి చూసి గొంతు తగ్గించారు.

"నాకు తెలుసని ఆవిడకి తెలీదు."

"అయ్యో, మీకు తెలుసా?"

"తెలీకపోవడమేం! మస్తాను చెల్లెలి పెళ్ళి వాడికి చెప్పాలా ఎవరైనా?" ఆయన చిన్నగా నవ్వారు. "నేను మరిచిపోతున్నానన్న సంగతే నాకు తెలీదనుకుంటోంది. అందుకే రాత్రిళ్ళు నిద్రపోతోంది. పోనీ, నిద్రపోనిస్తే నాకేం నష్టం?"

"ఎన్ని కేసులు బయటపెట్టారు మీరు," అన్నాడు రూబేను.

"అవును, ఇది మాత్రం బయటపెట్టను."

వీధి తలుపు చప్పుడైంది. సుభద్రమ్మగారు ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చినట్టుంది. వసారా గుమ్మంలోకి వచ్చి, భర్త పక్కన మనిషిని చూసి కొయ్యబారిపోయింది. రూబేనుని చూసింది, ఆయన్ని చూసింది. ఆవిడ ముఖం పాలిపోయింది. తను ఇంట్లో లేని వేళ, పేరు చెప్పేవాళ్ళు లేని వేళ ఇక్కడ ఏం జరిగిపోయిందో!

"ఓరి రూబేనూ!" అంది గట్టిగా, ఆయాసపడుతూ. "ఎప్పుడొచ్చావురా బెజవాడ నుంచి?"

"ఇప్పుడే, సుభద్రా," అన్నారు పాణిగారు తాపీగా. "మన రూబేనుకి వీధి గుమ్మం కనపళ్ళేదట. దొంగలా పెరట్లోంచి దిగబడ్డాడు."

ఆవిడ గుమ్మానికి ఆనుకుని హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. "సన్నాసి, ఉలిక్కిపడ్డానురా," అని తిట్టి, కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. "కాఫీ పెడతాను, వెళ్ళిపోకు!" అని లోపల్నుంచి కేకేసింది.

రూబేను కూడా ఈనెలు తియ్యడం మొదలెట్టాడు. ఇద్దరూ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నారు. లోపల గిన్నెల చప్పుడు మొదలయ్యాక పాణిగారు పక్కకి వంగారు.

"రూబేనూ," అన్నారు, ఆ పేరు ఎక్కడ జారిపోతుందోనన్నట్టు జాగ్రత్తగా. "నువ్వు నాకేమవుతావు?"

ఇన్నేళ్ళూ ఆయన నోట వినాలనుకున్న మాట అతని నాలిక చివరే ఉంది. ఇప్పుడది చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

"మీ దగ్గర నేర్చుకుంటున్నానండీ," అన్నాడు.

పాణిగారు తల ఊపారు. రూబేను పక్కన పెట్టిన కాయ ఒకటి తీసి వెలుతురులోకి పట్టుకుని చూశారు. ఒకవైపు ఈనె అలాగే ఉంది. దాన్ని మెల్లిగా అతని అరచేతిలో పెట్టారు.

"రెండో వైపు కూడా చూడాలి నాయనా," అన్నారు.