చతికిలమ్మ తల్లి వెలసిన వైనం

తుమ్మెదగట్టు కోటకు ఏడాది పొడుగునా యాత్రికులు వస్తూనే ఉంటారు. దర్బారు, అద్దాల మేడ, ఆయుధాల గది, పూదోట అన్నీ తిరిగి, కాళ్ళీడ్చుకుంటూ పాత ఏనుగులసాల దగ్గరికి వచ్చేసరికి ఎంతటివారికైనా ఓపిక నశిస్తుంది. అమ్మవారి గుడి సరిగ్గా అక్కడే ఉంది. గర్భగుడిలో తల్లి పద్మాసనం వేసుకుని ఉండదు, నిలబడీ ఉండదు. కాళ్ళు రెండూ బారజాపుకుని చతికిలబడి ఉంటుంది.

పూర్వం ఈ కోటలో రాజుగారు తప్ప మరొకరు కూర్చోరాదని కట్టడి ఉండేది. విజయదశమినాడు మాత్రం రైతు కుటుంబాలు లోపలికొచ్చి చూసిపోవచ్చు. ఒక ఏడు కామాయమ్మ అనే ఇల్లాలు అత్తవారితో కలిసి వచ్చింది. కోడి కుయ్యకముందే లేచి ఇంటిల్లిపాదికీ పులిహోర కలిపి మూటగట్టింది ఆమే. నెత్తిన ఆ మూట, చంకన బిడ్డ. జ్వరం తగ్గి ఇంకా పథ్యమైనా విడవలేదు. అందరూ నోళ్ళు తెరుచుకుని మేడలు చూస్తుంటే ఆమె కంటికి ఒక్క మేడా ఆనలేదు. ఎక్కడైనా కాస్త కూలబడితే చాలుననిపించింది. ఆ మాట ఎవరితో అంటుంది! "చూడవే, ఎంత వైభోగమో" అని అత్తగారు మురిసిపోతుంటే, "అవునత్తా" అంటూ నడిచింది.

ఏనుగులసాల పక్కన మట్టిలో సగం కూరుకున్న రాయి కనబడగానే ఇక కాళ్ళు ఆమె మాట వినలేదు. దానిమీద చతికిలబడింది. భటులు పరుగెత్తుకొచ్చారు. "మా కొంప ముంచావే, లే!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

"లేవలేను బాబూ. చంపితే చంపండి" అంది కామాయమ్మ.

సంగతి విన్న రాజుగారు గెంటెయ్యమన్నారు. రెక్కపట్టి లేపి, కుటుంబాన్నంతటినీ కోట దాటించారు.

ఆ మధ్యాహ్నం రాజుగారు కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించింది. "నా ఒళ్ళో కూర్చున్న బిడ్డను లేపించావు. ఇక నీ కోటలో నాకు మాత్రం ఏం పని? నేను ఉండాలంటే, పల్లకీ ఎక్కకుండా కాలినడకన పోయి దాన్ని తీసుకురా" అని ఆనతిచ్చింది.

రాజుగారు పుట్టి బుద్ధెరిగి అంత దూరం నడిచింది లేదు. వాగు దగ్గర ఆగిన కామాయమ్మ వాళ్ళ ఎడ్లబండిని అందుకునేసరికి దారిలోనే దుమ్ములో చతికిలబడ్డారు. కామాయమ్మ బండి దిగి, చెంబుతో నీళ్ళందించి, "అలిసిపోయారా బాబూ?" అని అడిగింది.

రాజుగారికి దుఃఖం ఆగలేదు. "పొద్దున నిన్ను మేమెవ్వరమూ ఈ మాట అడగలేదే తల్లీ!" అన్నారు. అత్తగారు తల వంచుకుంది.

ఆమెను బండిలో కూర్చోబెట్టి, తాము పక్కన నడుస్తూ తిరిగి తీసుకువచ్చి, రాయి చుట్టూ తవ్వించగా కాళ్ళు చాపుకున్న తల్లి బయటపడింది. కట్టడి ఆనాటితో రద్దయింది.

నేటికీ ఇక్కడికి వచ్చిన కుటుంబం తమలో ఎక్కువ చాకిరీ చేసేవారిని అమ్మ ఎదుట కూర్చోబెట్టి, మజ్జిగ అందించి, "అలిసిపోయావా?" అని అడగాలి. చాలామంది మొహమాటపడి "అబ్బే, లేదు" అంటారు. ఎవరెంత తొందరపెట్టినా సరే, "అవును" అన్న మాట వినబడేదాకా అర్చకులు హారతి వెలిగించరు. ఆ మాట అన్నవారికి మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని నమ్మకం. తగ్గినా తగ్గకపోయినా, ఆ పూట ఇంట్లో వంట మాత్రం ఇంకొకరు చేస్తారు.